పర్సనల్ గ్రౌండ్స్

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర మెలకువ వచ్చేస్తుంది. ఎవరూ లేపక్కర్లేదు. బస్సు వేగం తగ్గుతుంది, స్పీడ్ బ్రేకర్ల మీద ముందు చక్రాలోసారి, వెనక చక్రాలోసారి ఎక్కి దిగుతాయి, కర్టెను సందులోంచి తెల్లటి లైటు కళ్లలో పడుతుంది. పంతంగి దగ్గర నిద్ర పట్టదు. కొర్లపహాడ్ దగ్గర పట్టీ పట్టనట్టుంటుంది. చిల్లకల్లుకొచ్చేసరికి పట్టిందీ పోతుంది. ఆరేళ్లు దాటింది, నా ఆదివారం రాత్రులన్నీ ఈ మూడు టోల్‌గేట్ల మధ్యే.

టైము మూడు కావస్తోంది. గొంతు ఎండిపోయింది. సీసాలో నీళ్లున్నాయి, తాగను. ఆదివారం సాయంత్రం ఆరు దాటితే నీళ్లు ముట్టుకోను. ఎల్బీ నగర్‌లో పదకొండింటికి ఎక్కితే విజయవాడ బస్టాండు దాకా దిగే పని పెట్టుకోకూడదు. సూర్యాపేట దగ్గర ఆపుతారు గానీ ఆ వేళప్పుడు ఆ బాత్రూముల వైపు ఒక్కదాన్నే వెళ్లబుద్ధి కాదు. కిందటేడు కిడ్నీలో రాయి బయటపడినప్పుడు డాక్టరుగారు రోజుకు మూడు లీటర్లు తాగమన్నారు. "అలాగేనండీ" అన్నాను. కోర్టులో అండర్‌టేకింగ్ ఇచ్చి తప్పితే కంటెంప్టు వేస్తారు. డాక్టరుకిచ్చిన దానికి ఆ భయం లేదు.

గొల్లపూడి, భవానీపురం దాటి బస్సు దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కుతుంది. ఎడం పక్క కొండ మీద దీపాలు, కుడి పక్క కృష్ణ. ఆగస్టు ఆఖరు కదా, ఎగువ నుంచి వరద, బ్యారేజీ గేట్లు ఎత్తారు. చీకట్లో నీళ్లు కనపడవు, గేట్ల మీది లైట్ల కింద తెల్లటి నురగొక్కటే కనపడుతుంది. పక్క సీటాయన నిద్రలోంచి లేచి అమ్మవారి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటాడు. నేను వంగి కాళ్ల దగ్గరున్న సంచీ తడుముకుంటాను. కోటు, గౌను, ఫైలు, క్యారియరు. అన్నీ ఉన్నాయి.

గవర్నర్‌పేటలో మూడో అంతస్తులో గది. ముగ్గురం ఆడ లాయర్లం కలిసి తీసుకున్నాం, ముగ్గురి సంసారాలూ హైదరాబాదులోనే. ఒకావిడ నిన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పడుకుంది. చప్పుడు చెయ్యకుండా వంటగదిలో లైటు వేసి క్యారియరు విప్పుతాను.

స్టీలు డబ్బాల మూతల మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో సోమ, మంగళ, బుధ అని రాసివ్వడం మా అత్తయ్యగారి పద్ధతి. సోమవారం కాకరకాయ వేపుడు, మంగళవారం వంకాయ కారం, బుధవారానికి నిలవుండేది ఏదైనా. కంది పొడికి వారం ఉండదు. ఏడో తరగతితో చదువు మానేసినావిడ, అక్షరం మాత్రం అచ్చుపోసినట్టుండేది. ఇవాళ కాకరకాయ డబ్బా మీద 'సోమ' ఉంది. ఆ 'సోమ' మీదే 'మంగళ' కూడా ఉంది, ఒకదాని మీద ఒకటి. వంకాయ డబ్బా మీద ప్లాస్టరు ఉంది గానీ రాత లేదు.

సంక్రాంతి నుంచి ఈ అక్షరాలు పక్కకి జారుతూనే ఉన్నాయి. ప్రతి సోమవారం తెల్లారగట్ల ఇదే లైటు కింద చూస్తూనే ఉన్నాను. దస్తావేజులో ఒక సంతకం కాస్త తేడాగా ఉంటే పట్టుకుని పది పేజీల వాదన అల్లగలను. ఇది మాత్రం నాకు తట్టలేదు. చివరికి మా అమ్మాయి పట్టుకుంది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, కాలేజీ ఎగ్గొట్టి నానమ్మను కళ్ల డాక్టరుకి చూపించుకొచ్చింది. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందట.

నిన్న రాత్రి ఆటో ఎక్కుతుంటే అత్తయ్యగారు గేటు దాకా వచ్చారు. "మంగళవారం పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారమ్మా ఆస్పత్రికి. చిన్న పనేనట. నువ్వుంటే బావుంటుంది." పెళ్లయి ఇరవై రెండేళ్లు. తన కోసం ఆవిడ నన్ను అడిగిన మొదటి కోరిక ఇది. "ఉంటానత్తయ్యా" అన్నాను. సోమవారం నా కేసు వాదించేసి, సాయంత్రం బస్సెక్కితే అర్ధరాత్రికి ఇంట్లో ఉంటాను. లెక్క తేలిగ్గానే ఉంది.

తొమ్మిదింటికి కారు. నలుగురం పెట్రోలు పంచుకుంటాం. ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే అద్దాలు దించితే నీళ్ల హోరు, తుంపర, కాస్త బురద వాసన. సీతానగరం దగ్గర కుడివైపు తిరిగి, ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కుతాం. ఒక పక్క నది, ఒక పక్క అరటి తోటలు. ఎదురుగా ఇంకో కారొస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు మట్టిలోకి దిగాలి. కారులో మాటలన్నీ సగం సంసారాల మాటలే. ఒకాయన కొడుక్కి మీసాలు వచ్చేశాయట, పోయిన వారం లేవు అంటున్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

మేమిలా అయిపోవడానికి ఒక తారీఖు ఉంది. 2018 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు అని రాష్ట్రపతి ఉత్తర్వు ఆ రోజు వచ్చింది. నడుమ ఉన్నవి ఐదు రోజులు. రాష్ట్రం 2014లో విడిపోయినప్పుడే ఇది తప్పదని అందరికీ తెలుసు, కానీ తెలియడం వేరు, సామాను సర్దుకోవడం వేరు. మూసీ ఒడ్డున ఆ గుమ్మటాల కింద పద్దెనిమిదేళ్లు ప్రాక్టీసు చేసిన దాన్ని. నా కేసుల్లో ముప్పాతిక వంతు కృష్ణా, గుంటూరువే. కట్టలు కట్టలుగా ఫైళ్లు ఇటొచ్చేశాయి, వాటి వెనక నేనూ వచ్చాను. ముందు విజయవాడలో, ఆ తర్వాత ఈ నేలపాడులో.

"కొత్తేముందమ్మా" అనేవారు మా సీనియర్‌గారు. ఆయన తండ్రి మద్రాసు హైకోర్టు లాయరు. ఆంధ్రకు వేరే కోర్టు పెట్టగానే 1954లో గుంటూరొచ్చారు. గుంటూర్లో ఇల్లు కట్టుకుని రంగులేసుకుంటుండగా 1956 వచ్చింది, కోర్టు హైదరాబాదుకి పోయింది. కోర్టు ఎటు పోతే ప్లీడరు అటు. అయితే ఆ రోజుల్లో ప్లీడరు కదిలితే వెనకాలే ఇల్లూ కదిలేది, ఇంట్లో ఇంకొకరికి ఉద్యోగం లేదు కాబట్టి, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు కాబట్టి. మా ఇంట్లో మావారికీ ఉద్యోగం ఉంది. 2019లో విజయవాడకు బదిలీ అడిగారు కూడా. వస్తుందో రాదో తేలేలోపు, 2020లో న్యాయ రాజధాని కర్నూలన్నారు. చట్టం కూడా చేశారు. ఇక్కడ ఫ్లాటు కొందామా, కర్నూల్లో చూద్దామా, అద్దెకుందామా? 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకునేసరికి అమ్మాయి ఎనిమిదో తరగతికొచ్చింది, స్కూలు మార్చే వయసు దాటింది. అలా ఎవరూ నిర్ణయించకుండానే నిర్ణయం జరిగిపోయింది. మా స్నేహితురాలొకతె మొత్తం కుటుంబాన్ని మంగళగిరికి తెచ్చేసుకుంది. ఇంకొకతె తెలంగాణ హైకోర్టులోనే ఉండిపోయి సున్నా నుంచి మొదలుపెట్టింది. ఇద్దరిలో ఎవరిది తెలివైన పనో నేను అడగలేదు. అడిగితే నన్నూ అడుగుతారు.

కోర్టు హాలు. గౌను భుజాల మీదికి లాక్కుంటూ బోర్డు చూస్తాను. మాది 37. ఇప్పుడు 4 నడుస్తోంది.

మా జూనియర్ రెండో వరసలో ఫైలు కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడేళ్ల ప్రాక్టీసు, మాచర్ల పిల్ల. జూనియర్లకు పట్టణాల్లో నెలకు ఇరవై వేలైనా, పల్లెల్లో పదిహేను వేలైనా ఇవ్వండని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. నేనిచ్చేది పన్నెండు. ఆ సర్క్యులర్ మేమిద్దరం చదివాం, ఇద్దరం చదవనట్టే ఉంటాం.

వెనక బెంచీలో మేస్టారు. నరసరావుపేట నుంచి తొలి బస్సుకి బయల్దేరి వచ్చారు. రిటైరైన పంతులు, మొదట్లో చేసిన ఆరేళ్ల సర్వీసు పెన్షన్ లెక్కలోకి తీసుకోలేదని 2021లో రిట్ వేశాం. తెల్లచొక్కా, జేబులో మడతపెట్టిన బస్సు టిక్కెట్టు, ఒళ్లో గుడ్డ సంచి. నన్ను చూసి లేవబోతారు, కూర్చోమని సైగ చేస్తాను.

ఐటమ్ 11 దగ్గర ఒక కుర్ర లాయరు లేచి, వాదించాల్సిన సీనియర్‌కి పర్సనల్ డిఫికల్టీ ఉంది, రెండు వారాలు టైమివ్వమంటాడు. ఇస్తారు. 13 దగ్గర ఇంకొకరు, పర్సనల్ గ్రౌండ్స్. ఇస్తారు. ఈ మాట మాకు గొడుగులాంటిది, ఎవరి గొడుగు కిందైనా ఎవరైనా దూరొచ్చు. ఫైలు చదవకపోతే పర్సనల్ గ్రౌండ్స్. పక్క కోర్టులో పెద్ద ఫీజు కేసుంటే పర్సనల్ గ్రౌండ్స్. పార్టీ మిగతా ఫీజివ్వకపోయినా అదే. నా డైరీలో దానికి 'ప.గ్రౌ.' అని గుర్తు పెట్టుకుంటాను. పొద్దున కారులో లెక్కేశాను, కిందటేడు జనవరి నుంచి పదకొండు. అందులో నిజమైనవి రెండే. ఒకటి నా కిడ్నీలో రాయి, ఒకటి అమ్మాయికి డెంగీ.

ఆ డెంగీది కూడా పూర్తి నిజం కాదు. ఒక కేసుకి వాయిదా అడిగాను, ఇంకో కేసు ఆస్పత్రి గదిలోంచే వీడియో లింకులో వాదించాను. కోవిడ్ తర్వాత ఆ వెసులుబాటు ఉంది కదా. సెలైన్ స్టాండు ఫ్రేములో పడకుండా కుర్చీ గోడకు జరుపుకుని, మెడకు బ్యాండు కట్టుకుని, పైన గౌను, కింద పంజాబీ డ్రస్సు. నలభై నిమిషాలు. మధ్యలో అమ్మాయి నీళ్లడిగింది, వేలు చూపించి ఒక్క నిమిషమన్నాను. స్టే వచ్చింది. ఫోను పెట్టేసి చూస్తే గ్లాసు తనే అందుకుని తాగి అటు తిరిగి పడుకుంది. అందుకే కేసు ఇవాళ రాకపోయినా, రేపు ఆస్పత్రి వరండాలోంచి లింకులో వాదించే ఆలోచన నాకు వద్దు.

లంచికి 22 అయింది. క్యాంటీను మూల బల్ల మీద డబ్బా తెరుస్తాను. కాకరకాయలో ఉప్పు లేదు. ఇంకో ముద్ద తిన్నాక తెలుస్తుంది, లేకపోవడం కాదు, మూలనొక్క చోటే ఉంది, కలవలేదు. ఆయన ఫోను. "అయిందా?" "ఇంకా లేదు." "మధ్యాహ్నం గ్యాసు సిలిండరు వచ్చింది." "ఊఁ." "అమ్మ పది సార్లడిగింది, బయల్దేరిందా అని." "చెప్తానండీ." మా మాటలన్నీ ఇలా ఆఫీసు మెమోల్లా ఎప్పుడు మారాయో చెప్పలేను. పోట్లాట ఏమీ లేదు. పోట్లాడుకోవాలన్నా ఇద్దరూ ఒక ఇంట్లో ఓ రెండు రోజులు వరసగా ఉండాలి.

మూడుంబావు. 31. జూనియర్ ఫైల్లో కాగితం ముక్కలు పెట్టి పేజీలు గుర్తుపెట్టింది, జీవో ఉన్న చోట పసుపుది, తీర్పులున్న చోట గులాబీది. పోయిన వారం ఈ కేసు నోట్సు మొత్తం తనే రాసింది. చదివి "బావుంది" అన్నాను. బావుంది అనడంతో ఆపేశాను.

నాలుగు. 35 దగ్గర పెద్ద వాదన నడుస్తోంది. ఇక ఇవాళ కాదని హాలులో అందరికీ తెలిసిపోయింది. మిగిలినవన్నీ రేపటికి అంటారు జడ్జిగారు. కుర్చీలు కదులుతున్నాయి. నేను లేస్తాను. 37 రేపు కాకుండా ఎల్లుండి వెయ్యమని అడుగుతాను.

కారణం?

"పర్సనల్ గ్రౌండ్స్, మై లార్డ్."

నోటికొచ్చేసింది. ఇరవై నాలుగేళ్ల అలవాటు. జడ్జిగారు డాకెట్ తిప్పుతారు. ఈ ఫైల్లో ఎక్కువ వాయిదాలు అవతలి పక్షం కౌంటరు వెయ్యనందుకు పడ్డవే. కానీ మూడు మావి, మూడింటి మీదా ఇదే మాట. ఆయన చదివి వినిపించరు, ఊరికే చూసి తలెత్తుతారు. పిటిషనర్ సీనియర్ సిటిజన్, ముందుకు జరపాలని అడిగిందీ మీరే కదా అంటారు.

"మా అత్తగారికి రేపు కంటి ఆపరేషన్."

వెనకెక్కడో ఒక నవ్వు, దగ్గులా. గవర్నమెంటు ప్లీడరుగారు మర్యాదస్తులు, కాగితాల్లోకి చూసుకుంటున్నారు. నాకు కోపం రాదు. ఆ బెంచీలో కూర్చుని ఉంటే నేనూ నవ్వేదాన్నే. ఈ హాల్లో ఎంతమంది అత్తగార్లకు ఎన్నిసార్లు ఆపరేషన్లయ్యాయో ఆ గోడలకే తెలుసు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు ఒకటో రూలు జూనియర్‌గా ఉన్నప్పుడు బట్టీ పట్టాను. ప్లీడరుకు వేరే కోర్టులో పనుందన్నది వాయిదాకు కారణం కాదు. ప్లీడరుకు ఒంట్లో బాగోలేదన్నా, మరే ఇబ్బంది ఉందన్నా, పార్టీ సకాలంలో ఇంకో ప్లీడర్ని పెట్టుకునే వీలు లేకపోయిందని కోర్టుకు తృప్తి కలిగితేనే వాయిదా. ఒక పార్టీకి మూడు మించకూడదని కూడా ఉంది. అది సూట్ల సంగతి, మాది రిట్, నిజమే. అయినా ఆ రూలు రాసినవాళ్లకు మా రోగం బాగా తెలుసు. మాకు ఒళ్లుంటుందని ఒప్పుకున్నారు, పైగా అది అబద్ధం చెబుతుందనీ కనిపెట్టారు.

"మీ జూనియర్ ఉన్నారుగా" అంటారు జడ్జిగారు, కోపంగా కాదు. "రేపు ఫస్ట్ ఐటమ్. ఆవిడ వాదిస్తారు."

నేను వెనక్కి తిరిగి చూడను. ఇంతకాలం ఈ సంగతి నాకు తోచలేదా అంటే, తోచింది. పోయిన వారం నోట్సు చదివినప్పుడే తోచింది. మేస్టారు నన్ను చూసి వచ్చారు అనుకున్నాను. ఇది నా కేసు అనుకున్నాను. ఈ వృత్తిలో మనిషి కనపడకపోతే కేసు రాదు, నిలబడి మాట్లాడేవాళ్లనే పార్టీలు గుర్తుంచుకుంటారు. అది నాకెంత తెలుసో మా జూనియర్‌కీ అంతే తెలుసు. ఈ పిల్లను ఎవరూ గుర్తుంచుకోనంత వరకూ నా కుర్చీకి ఢోకా లేదు.

"అలాగే, మై లార్డ్" అంటాను.

బయట వరండాలో జూనియర్ ముఖం పాలిపోయింది. "మేడం, జీపీగారు 2009 జడ్జిమెంటు తీస్తే?" "తియ్యనీ. గులాబీ కాగితం పెట్టావుగా దానికి." "పెట్టాను." "మరి?" తలూపుతుంది. ఫైలు నా చేతిలోంచి తీసుకోవాలి, తీసుకోదు. ఇవ్వాల్సింది నేనని అప్పుడు గుర్తొస్తుంది.

మేస్టారిని మా కారులోనే ఎక్కించుకుంటాను. రాత్రికి బస్టాండు దగ్గర వాళ్ల తమ్ముడి ఇంట్లో ఉంటారట, పొద్దున్నే మా జూనియర్‌తో వస్తారు. కరకట్ట మీద ఎండ వాలిపోయింది, నది మీద వరద నీళ్లు చాయ్ రంగులో మెరుస్తున్నాయి. చాలాసేపు ఆయన మాట్లాడరు. సంచి సర్దుకుంటారు. ఉండవల్లి దాటాక, ముందు సీట్లో వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి అడుగుతారు.

"నిజంగానే ఆపరేషనా అమ్మా?"

ఏం చెప్పను? ఫోను తీసి, అమ్మాయి పంపిన ఆస్పత్రి చీటీ ఫొటో చూపిస్తాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, ఫోను ముక్కు దాకా తెచ్చుకుని, పేరు, వయసు, తారీఖు, అన్నీ చదువుతారు. నాలుగేళ్లుగా కోర్టు కాగితాలు చదువుతున్న మనిషి, ఏ లైనూ వదలరు.

"కుడి కన్నా?"

"అవును మేస్టారూ."

"నాకు ఎడమది చేశారు పోయినేడు. ఏం భయం లేదు, పావుగంట. ఆ తర్వాతే జాగర్త. చుక్కల మందు టైము తప్పనివ్వొద్దు. తలస్నానం చెయ్యనివ్వొద్దు. నీళ్లు పడకూడదు." ఫోను తిరిగిచ్చి కాసేపు ఆలోచించి, "ముఖ్యంగా పొయ్యి దగ్గరికి వెళ్లనీకండి. ఆవిరీ, పొగా అస్సలు తగలకూడదు. ఇంట్లో వంటెవరు చేస్తారమ్మా?"

బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగింది. ఒళ్లో క్యారియరు ఉంది, పై డబ్బా మూత మీద ప్లాస్టరు ముక్క సగం ఊడి గాలికి కొట్టుకుంటోంది.